గాజుపలక మూలన గీత

అధ్యక్షులు శ్రీరంగం గారికి, మన హెడ్మిస్ట్రెస్ ప్రమీలారాణి గారికి, ముందు వరసలోని పెద్దలకు, డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా గని నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చిన పాత విద్యార్థులకు, గోడవారన నిలబడిన తల్లులకు, చాప మీద కూర్చుని ఒకరినొకరు గిల్లుకుంటున్న పిల్లలకు, అందరికీ నమస్కారం. ఎవరి కోసం ఇంతమందిమి చేరామో ఆ భూషణం మాస్టారికి, వారి పక్కన కూర్చున్న దేవుడమ్మ వదినకు విడిగా, వంగి, నమస్కారం.

నా గొంతు వెనక వరస దాకా రాదని మీకందరికీ తెలుసు. "పసూనత్తా, నువ్వు అరిచినా అది గుసగుసే" అని పిల్లలు నన్ను ఆటపట్టిస్తుంటారు. మైకు కొంచెం దగ్గరికి జరిపితే మేలు. చాలు నాయనా, అక్కడ ఉంచు.

కార్డులో "శ్రీమతి జ్ఞానప్రసూన, ప్రయోగశాల సహాయకురాలు, రెండు మాటలు" అని వేశారు. పేరులో జ్ఞానం ఉన్నా నా చదువు పదో తరగతితో ఆగింది. మాది కొంటాలో కిరాణా కొట్టు, భద్రాచలంలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను, సైన్సులో ముప్పై ఆరు మార్కులు వచ్చాయి. ఈ సంగతి పన్నెండేళ్ళుగా మాస్టారికి చెప్పలేదు. రిటైరవుతున్నారు కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. (నవ్వులు)

ఇవాళ నేను రెండు కాగితాలు రాసుకొచ్చాను. మొదటిదాంట్లో పొగడ్తలున్నాయి. రెండోది తీసే ధైర్యం ఉంటుందో లేదో ఇందాకటి దాకా నాకే తెలియదు. అధ్యక్షులు తమ ప్రసంగంలో మాస్టారిని ఎంతో మెచ్చుకుని, చివర్లో, "మనిషన్నాక ఒక పొరపాటు ఉంటుంది, ఆ గీతల సంగతి ఒక్కటి పక్కన పెడితే ఆయనకు వంక పెట్టలేం" అన్నారు. వారు మంచి మనసుతోనే అన్నారు. మాస్టారు తల ఊపి నవ్వారు. ఆ నవ్వు చూశాక మొదటి కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఆ గీతలు మాస్టారు గీయలేదు. నేను గీశాను.



మాస్టారు చేత్తో కూర్చోమంటున్నారు. పన్నెండేళ్ళలో మీ మాట ఒక్కటీ కాదనలేదు మాస్టారూ, ఈ ఒక్క పూట వినను. మీరే కూర్చోండి. ఈమధ్య వచ్చిన వాళ్ళకు ఏ గీతలో తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

మా ఆయన వర్క్‌షాపులో పనిచేస్తూ జబ్బు చేసి చనిపోయిన ఏడాదే నన్ను ఈ బడిలో టెంపరరీగా వేసుకున్నారు. చేరిన రోజు మాస్టారు నన్ను పేరు కూడా అడగలేదు. "ఉల్లిపొర సిరక్కుండా తియ్యగలవేటమ్మా?" అన్నారు. అది కార్తీక మాసం. మా ఇంట్లో ఈ నెలంతా ఉల్లిపాయ ముట్టుకోమండీ అన్నాను. "తినమన్నేదు, తియ్యమన్నాను. కార్తీక మాసమని కణాలు సెలవెట్టవు కదా" అన్నారు. (నవ్వులు) అప్పటి నుంచి ప్రతి కార్తీక మాసం నేను తెల్లారుజామున తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, పది గంటలకు బడిలో ఉల్లిపాయ ఒలిచి, సాయంత్రం మళ్ళీ తలస్నానం చేస్తున్నాను. జలుబు మాత్రం మాస్టారి ఖాతాలోనే.

మన మైక్రోస్కోపు ఆస్పత్రి వాళ్ళు పాతదని పక్కన పెడితే మాస్టారు బతిమాలి తెచ్చింది. మర జారిపోతుందని దారం చుట్టారు. కిందనున్న అద్దానికి కిటికీ ఎండ అందాలి, ఆ ఎండ పదిన్నర నుంచి పన్నెండు దాకానే ఉండేది, అందుకని ఏడో తరగతికి సైన్సు పీరియడు ఎప్పుడుండాలో ఎండే నిర్ణయించేది. గాజుపలకను ఎన్నిసార్లు తుడిచినా ఇనుప గని ఎర్రధూళి వచ్చి పడేది. మొదటిసారి చూసిన పిల్లలు ఆ ధూళిని చూసి "కణాలు, కణాలు" అని కేకలు వేసేవాళ్ళు. "అది కణం కాదర్రా, అది మన కొండ. కొండని ఊదేసి సూడండి" అనేవారు మాస్టారు.

పుస్తకంలో కణమంటే ఇటుక, శరీరమంటే ఇల్లు అని ఉంటుంది. మాస్టారు ఆ మాట చదివించి వెంటనే పుస్తకం మూయించేవారు. "ఇటుక అన్నం తింటాదేటి? ఇటుక పెరిగి రెండిటుకలవుతాదేటి? గోడ కూలిపోతే ఇటుకలు లేచొచ్చి మళ్ళీ గోడ కట్టుకుంటాయేటి? మరి నీ మోకాలు సెక్కుకుపోతే కొత్త తోలు ఎవుడొచ్చి కడతన్నాడు?" అని అడిగేవారు. పిల్లలంతా మోకాళ్ళు చూసుకునేవాళ్ళు. మోకాలి మీద దెబ్బలేని పిల్లవాడు మన బడిలో ఎవరున్నారు గనక! ఒక్క కణంతో మొదలైన వాళ్ళమే అందరమూ, అది రెండై, రెండు నాలుగై, కొన్ని ఎముక పని చేపట్టి, కొన్ని నెత్తురు పని, కొన్ని కన్ను పని చేపట్టి మనల్ని కట్టాయి, మేస్త్రీ ఎవరూ లేడు అని చెప్పేవారు. మేస్త్రీ లేడనే మాట నాకు మింగుడుపడేది కాదు. నేను దంతేశ్వరమ్మకు దణ్ణం పెట్టకుండా మంచినీళ్ళు తాగని మనిషిని. మాస్టారు నా ముఖం చూసి, "మేస్త్రీ ఉన్నాడో లేడో మీ పసూనత్తని అడగండి, పని మాత్రం కణాలే సేస్తాయి" అని సర్దేవారు.

నేను చేరిన మూడేళ్ళకు మన టౌన్‌షిప్ పిల్లలతో పాటు ఆశ్రమశాల హాస్టలు నుంచి ముగ్గురు దొర్ల తెగ పిల్లలు మన తెలుగు క్లాసులో చేరారు. వాళ్ళ భాష తెలుగుకు దగ్గర, హిందీ క్లాసులో నోరు విప్పేవాళ్ళు కాదు. ఆ ముగ్గురిలో ముయె అనే పిల్ల ఉండేది. ఊరు మరైగూడ. తండ్రి బిజ్జా ఇక్కడ లోడింగులో కాంట్రాక్టు కూలి. పన్నెండేళ్ళ పిల్ల, రెండు జడలు, ఎవరైనా చూస్తే కళ్ళు దించుకునేది కాదు.

ఉల్లిపొర చూసే రోజున అందరూ మైక్రోస్కోపులో కన్ను పెట్టి "గదులు సార్, గదులు" అన్నారు, ఎందుకంటే పుస్తకంలో గదులని ఉంది. ముయె చాలాసేపు చూసింది. వెనక పిల్లలు "నీ ఊరు కనపడతాందా ఏంది, జరుగు!" అని తోస్తున్నా జరగలేదు. చివరికి తల ఎత్తి, "గిది తడక లెక్కున్నది సార్. ఎవలు అల్లిన్రు?" అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవులూ అల్లలేదమ్మా. తనంతట తనే అల్లుకుంది" అన్నారు. ఆ పిల్ల ఊరుకోలేదు. "మరి కొండకు కణాలున్నయా సార్?" అంది. లేవమ్మా అన్నారు. "గందుకేనా, తవ్వితే మల్ల పెరుగుత లేదు?" అంది. మాస్టారు ఆ రోజు స్టాఫ్ రూములో టీ చల్లారబెట్టుకుని అదే మాట అందరికీ చెప్పారు. ఇక్కడ కూర్చున్న పాత స్టాఫుకు గుర్తుండే ఉంటుంది.

ఆ తర్వాత నుంచి మాస్టారు ఆదివారాలు మైక్రోస్కోపు పెట్టెను దుప్పట్లో చుట్టుకుని హాస్టలుకు వెళ్ళేవారు. నాచు, ఈగ రెక్క, చింతపండు మీద పట్టిన బూజు, ఏది దొరికితే అది చూపించేవారు. తిరిగొచ్చాక సోమవారమంతా ఆ కబుర్లే. ఆయన మొహం అంత వెలుగుగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. మనిషి కణాలు చూడాలంటే అగ్గిపుల్ల వెనక కొసతో బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజుపలక మీద నీటిచుక్కలో కలిపి, నీలిరంగు వేసి చూస్తాం. క్లాసు అయ్యాక ఆ పలకలు కడగడం నా పని. పుల్ల నోట్లో పెట్టుకుంటే ఎంగిలి. ఎంగిలి ఎవరిదైనా ఎంగిలే, కానీ నేను ఆ మాటను కూడా రెండు చేశాను. మన టౌన్‌షిప్ పిల్లల ఎంగిలి, అంటే రైల్వే వాళ్ళ పిల్లలదీ కొట్ల వాళ్ళ పిల్లలదీ, చేత్తో కడిగేదాన్ని. హాస్టలు పిల్లలది కడగబుద్ధి కాలేదు. మా ఇంట్లో ఎవరూ నాకు అలా చెప్పలేదు, చెప్పకుండానే వచ్చింది. మా నాన్న కొట్టులో దొర్ల వాళ్ళకు మంచినీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళం, గ్లాసు ఇచ్చేవాళ్ళం కాదు. నాకు అది పద్ధతిగానే కనిపించింది.

పన్నెండు గాజుపలకలుండేవి. మా ఆయన పనిముట్ల పెట్టెలో ఆకురాయి ఉంది. ఒక శనివారం బడికి ఆ ఆకురాయి తెచ్చుకుని, మూడు పలకల మూలన చిన్న గీత గీశాను. వాటిని వేరే రేకుడబ్బాలో పెట్టాను. హాస్టలు పిల్లలకు అవే ఇచ్చేదాన్ని, వాళ్ళ పలకలు వాళ్ళనే కడగమనేదాన్ని. "చక్కగా కడిగారు తల్లీ" అని మెచ్చుకునేదాన్ని కూడా. మాస్టారు దీన్ని గమనించలేదు. ఆయన కన్ను ఎప్పుడూ మైక్రోస్కోపులోనే ఉండేది.

ఒకరోజు ముయె గీతలేని పలక తీసుకుని, దాని మీద తన బుగ్గ కణాలు పెట్టి, ఆ పని ఎంత బాగా చేసిందంటే, మాస్టారు అందరినీ పిలిచి అదే చూపించారు. ఒక్కొక్క కణం విడివిడిగా, మధ్యలో నీలిచుక్కతో. పిల్లలు వంతులవారీగా చూశారు. అంతా అయ్యి మాస్టారు స్టాఫ్ రూముకు వెళ్ళాక, ముయె ఆ పలకను మిగిలిన పలకల్లో పెట్టమని నా చేతికివ్వబోయింది. నేను చెయ్యి వెనక్కు లాక్కున్నాను. "అది మీది కాదమ్మా" అన్నాను.

"మాదేది అత్తా?" అంది.

"గీత ఉన్నది మీది."

నా గొంతు ఎవరికీ వినపడదంటారు కదా, ఆ రోజు క్లాసంతా వినపడింది. ముయె రేకుడబ్బా తెరిచి, మూడు పలకలూ తీసి, గీతలను వేలితో తడిమి చూసింది. తన చేతిలోని పలకను నా ముందే రెండుసార్లు కడిగి, తన లంగాతో తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు బడికి రాలేదు.

మూడో రోజు బిజ్జా వచ్చాడు. గని టోపీ చేత్తో పట్టుకుని తిన్నగా ల్యాబుకు వచ్చి, డబ్బా ఏదని అడిగి, ఆ మూడు పలకలను తీసుకెళ్ళి హెడ్మాస్టరు గారి బల్ల మీద వరసగా పెట్టాడు. ఆ హెడ్మాస్టరు గారు ఇప్పుడు లేరు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, మాస్టారు లోపల ఉన్నారు.

"గిది ఎవలు గీసిన్రు సార్?" అన్నాడు బిజ్జా. అరవలేదు.

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తెరవలేదు. మాస్టారు పలకల వంక చూశారు, నా వంక చూశారు, ఆయనకు అప్పుడే అర్థమైంది. "నేనే గీసేను. గుర్తుకని" అన్నారు.

"ఏం గుర్తు సార్?" అన్నాడు బిజ్జా. మాస్టారు తల దించుకున్నారు. తప్పు చేసిన మనిషి తల దించుకున్నట్టే ఉంది చూసేవాళ్ళకు. "గా పిల్ల నీ పేరు చెప్పుకుంట తిరిగింది సార్, మా సార్ మా సార్ అని" అని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఏడుస్తుంటే మాస్టారు అన్నారు: "నీది టెంపరరీ ఉద్యోగం. ఇంట్లో ఎదిగే ఆడపిల్లుంది. నాకయితే తిట్లడతాయి, నీకయితే ఉద్యోగమే పోతాది. ఊరుకో. కానీ పసూనమ్మా, ఆ పిల్ల తండ్రి అడిగిందానికి నువ్వే ఎప్పుడోకప్పుడు జవాబు సెప్పుకోవాల." నేను ఊరుకోమన్న మాట ఒక్కటే విన్నాను.

కమిటీ వారు మాస్టారిని మందలిస్తూ తీర్మానాల పుస్తకంలో రాశారు. హాస్టలు పిల్లలు ముగ్గురూ మానేశారు. ఆదివారం హాస్టలుకు వెళితే వార్డెను గేటు దగ్గరే "జరూరత్ నహీ" అని, ఇక మీ అవసరం లేదని పంపించేశాడు. దుప్పట్లో చుట్టిన పెట్టెతో మాస్టారు అలాగే తిరిగొచ్చారు. హెడ్మాస్టరు పదవి ఆయనను దాటిపోయింది, దానికి ఆయన బాధపడలేదు. ఆదివారాలకు మాత్రం బాధపడ్డారు. మార్కెట్లో వెనక నుంచి "గీతల మాస్టారు" అని ఎవరో అంటే, కూరగాయలు ఏరుకుంటూ విననట్టే ఉండటం నేను పక్కనే ఉండి చూశాను. ఆ తర్వాత మూడేళ్ళకు నా ఉద్యోగం పర్మనెంటు అయింది. అప్పుడైనా చెప్పవచ్చు. బడిలో లడ్డూలు పంచాను, మాస్టారికి రెండు ఇచ్చాను, ఆ మాట మాత్రం చెప్పలేదు.

దేవుడికి చెప్పుకున్నాను. రోజూ చెప్పుకున్నాను. దేవుడికి చెప్పుకోవడం తేలిక, ఆయన వెళ్ళి హెడ్మాస్టరుతో చెప్పడు.

దేవుడమ్మ వదినా, ఒకసారి మీ ఇంట్లో టీ ఇస్తూ మీరు అన్నారు. "మా ఆయన సీమని కూడా తొక్కకుండా పక్కకి జరిపి నడుస్తాడమ్మా. అలాంటోడు పిల్లల పలకల మీద గీతలెందుకు గీస్తాడు? నాకు సెప్పడు. నీకేటైనా తెల్సా?" అని. నేను తెలియదన్నాను. మీరిచ్చిన టీ తాగి, బాగుందని చెప్పి వచ్చాను. ఇన్నాళ్ళలో నేను అన్నిటికంటే సిగ్గుపడేది దానికి.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు గీత ఉన్న పలక మీద నా బుగ్గ కణాలు పెట్టుకుని చూశాను. ఆ పిల్లవి ఎలా ఉన్నాయో నావీ అలాగే ఉన్నాయి, నీలిచుక్కతో సహా. అది చూడగానే నా మనసు మారిపోయిందని చెబితే సభకు బాగుంటుంది. మారలేదు. పలక కడిగి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మాస్టారు ఏళ్ళ తరబడి పిల్లలకు చూపించినది నేను కళ్ళారా చూసి కూడా చూడలేదు. మారడానికి చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ ఎంత మారిందో చెప్పలేను.

నీళ్ళు వద్దమ్మా, అయిపోవచ్చింది.

ప్రమీలారాణి గారూ, ఇదిగో రెండో కాగితం. ఆ గీతలు గీసింది నేనని, భూషణం మాస్టారికి దానితో సంబంధం లేదని రాసి సంతకం పెట్టాను. తీర్మానాల పుస్తకంలో ఆయన పేరున్న చోట నా పేరు రాయండి. ఆ తర్వాత నా ఉద్యోగం సంగతి మీరూ కమిటీ వారూ ఏం చేయాలనుకుంటే అది చేయండి. అధ్యక్షులు గారు ఇందాక అన్న "ఒక్క పొరపాటు" మాటను కూడా దయచేసి ఇదే మైకులో వెనక్కు తీసుకోండి.

(హెడ్మిస్ట్రెస్ లేచి కాగితం అందుకున్నారు. శ్రీరంగం గారు "తీసుకున్నానమ్మా, తీసుకున్నాను" అన్నారు.)

వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఆయన బిజ్జా. సభకు రమ్మని నేనే కబురు పెట్టాను, ఎందుకో చెప్పలేదు. బిజ్జా అన్నా, నువ్వు ఆ రోజు ఎవరు గీశారని అడిగావు. నేనే గీశాను. నీ బిడ్డ ఎంగిలి ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. ఏం గుర్తు అని అడిగావు, ఇదే గుర్తు. నన్ను క్షమించమని అడగడానికి పిలిచాను.

(వెనక నుంచి బిజ్జా: "నాతోని ఏంది చెప్పుడు? గీత తడిమి చూసింది అది. దానికి చెప్పు.")

ఆ మాట నిజమే.

(బిజ్జా: "మరైగూడల ఉన్నది. దానికో బిడ్డ. నిన్ను ఇంట్ల కూసోబెడ్తదో లేదో నాకెర్క లేదు.")

కూర్చోబెట్టకపోతే వాకిట్లో నిలబడి చెబుతానన్నా. సోమవారం పొద్దున దంతెవాడ బస్సు ఎక్కుతాను, అక్కడి నుంచి కొంటా వైపు జీపు దొరుకుతుంది. మాస్టారూ, మీరూ వస్తానంటున్నారు, వద్దు. మీరొస్తే ఆ పిల్ల మిమ్మల్ని చూసి నన్ను తేలిగ్గా వదిలేస్తుంది. ఈసారి నేను ఒక్కదాన్నే వెళ్ళాలి.

రెండు మాటలని చెప్పి ఇంతసేపు నిలబెట్టినందుకు మన్నించండి. మాస్టారికీ వదినకూ దంతేశ్వరమ్మ ఆయురారోగ్యాలివ్వాలి. ఓపిగ్గా విన్న పిల్లలకు, మధ్యలో లేచి వెళ్ళకుండా నిలబడ్డ బిజ్జా అన్నకు, నా మాట ఆపని అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. ఇక మీరు మాస్టారిని మాట్లాడనివ్వండి, తొమ్మిదేళ్ళుగా ఆయన నోరు నేనే కట్టేశాను.

సెలవు.